ఆకు కదలని వేళ కొట్టిన మందు చెరువులోకి ఎలా వచ్చింది?

ప్రశ్న: మాకు రెండున్నర ఎకరాల చెరువు ఉంది. సగటున మీటరు లోతు, చేపలు పెంచుతున్నాం. ఎగువన పండ్ల తోట ఉంది. అటునుంచి వాన నీళ్లు లోపలికి రాకుండా గట్టు ఎత్తు చేయించి, బయట కాలువ తవ్వి పక్కకు మళ్లించాం. చెరువులోకి బోరు నీళ్లు, పైనుంచి పడే వాన తప్ప ఇంకేమీ రావు. అయినా నీళ్లు పరీక్షకు పంపిస్తే రిపోర్టులో రెండు పురుగుమందుల పేర్లు వచ్చాయి. ఒకటి పక్క తోటలో కొట్టేదే. రెండోది మా చుట్టుపక్కల ఎవరూ వాడగా చూడలేదు. తోట ఆయన్ని అడిగితే, "నేను కొట్టేదే తెల్లవారుజామున, గాలి అసలు లేనప్పుడు. ఆకు కూడా కదలదు. మీ చెరువులోకి ఎలా వస్తుంది?" అంటున్నారు. అబద్ధాలాడే మనిషి కాదు. మరి ల్యాబ్ వాళ్లు పొరపాటు పడ్డారా? గాలిలో వచ్చే మందు నీళ్లను పాడుచేసేంత ఉంటుందా? మేం ఏం చేయాలి?

జవాబు: తోట ఆయన చెప్పేది నిజం కావచ్చు, ల్యాబ్ రిపోర్టూ నిజం కావచ్చు. రెండూ ఒకేసారి నిజం కావడానికి అడ్డేమీ లేదు. ఆయన జాగ్రత్త అనుకుంటున్న ఆ ఆకు కదలని వేళ మీదే నాకు ఎక్కువ అనుమానం.

దానికంటే ముందు ఒక పని చేయండి. బోరు నీళ్లు విడిగా పట్టి పరీక్షకు పంపండి. కొన్ని మందులు నేలలోకి ఇంకి భూగర్భ జలంలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. బోరులోనే మందు ఉంటే మీరు గాలిని అనుమానించి, పక్కాయనతో మనస్పర్థ తెచ్చుకుని, చివరికి మోటారు వేసిన ప్రతిసారీ మీరే మందు పోసుకుంటున్నట్టు తేలుతుంది. బోరు శుభ్రంగా ఉందంటే మందు కొత్తగా వచ్చే దారి ఆకాశమే.

ఇప్పుడు లెక్క చూద్దాం, ఎందుకంటే "గాలిలో ఎంత వస్తుందిలే" అనే మాట దగ్గరే అందరూ ఆగిపోతారు. మీ చెరువు ఇంచుమించు ఒక హెక్టారు, అంటే 10,000 చదరపు మీటర్లు. మీటరు లోతు కాబట్టి 10,000 ఘనపు మీటర్ల నీళ్లు, అక్షరాలా కోటి లీటర్లు. కోటి లీటర్లలో ఒక్క గ్రాము మందు కలిసిందంటే లీటరుకు 0.1 మైక్రోగ్రాము (మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు). తాగునీటిలో ఒక్కో పురుగుమందుకు యూరోపియన్ యూనియన్ పెట్టిన హద్దు సరిగ్గా అంతే. రెండున్నర ఎకరాల నీటిని ఆ గీత దాకా తేవడానికి పావు చెంచాడు పొడి చాలన్నమాట. పక్క తోటలో హెక్టారుకు 500 గ్రాముల అసలు మందు పడేలా కొట్టారనుకోండి. ఆ మోతాదులో నూటికి ఒక వంతు మీ చెరువు మీద పడినా 5 గ్రాములు. లీటరుకు 0.5 మైక్రోగ్రాము. తోట వైపు గట్టు దగ్గర ఎక్కువ, అవతలి ఒడ్డున తక్కువ పడుతుంది, నేను చెప్పింది సగటు. మీటరు లోతుకు బదులు జానెడు లోతున్న పిల్లకాలువ అయితే ఇదే మందుకు గాఢత నాలుగైదు రెట్లు.

అంత తక్కువతో ఏమవుతుందంటారా? మందును బట్టి ఉంటుంది. కొన్ని కలుపు మందులకు ఆ మోతాదులో చేప తోక కూడా ఆడించదు. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే పురుగుమందుల రకంలో కొన్నిటికి మాత్రం నీటి పురుగులు, చిన్న చిన్న రొయ్యజాతి జీవాలు లీటరుకు 0.1 మైక్రోగ్రాము కంటే తక్కువకే చచ్చిపోతాయి. చేపలు తేలేదాకా మనం చూడం. వాటికి మేత అయ్యే జీవాలు ఎప్పుడో పోయి ఉంటాయి.

ఇక అసలు విషయం, ఆ చుక్కల సంగతి.

నాజిల్ నుంచి వచ్చే చుక్కలన్నీ ఒక సైజులో ఉండవు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మన తల వెంట్రుక మందం సుమారు 70 నుంచి 100 మైక్రాన్లు. 400 మైక్రాన్ల చుక్కను మూడు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే రెండు సెకన్లలో నేల మీద ఉంటుంది. వెంట్రుకంత, అంటే 100 మైక్రాన్ల చుక్కకు పది సెకన్లు పడుతుంది. 20 మైక్రాన్లదైతే నాలుగు నిమిషాలు. 5 మైక్రాన్లదైతే గంట దాటుతుంది, అదీ గాలి అసలు కదలనప్పుడు. ఈలోగా చుక్కలోని నీరు ఆరిపోతూ ఉంటుంది కాబట్టి అది ఇంకా చిన్నదవుతుంది, ఇంకా నెమ్మదిగా దిగుతుంది. ఆఖరికి నీరంతా పోయి మందు రేణువు ఒక్కటే మిగిలి తేలుతుంది. పొడి గాలి, ఎండ ఉన్న మధ్యాహ్నం ఇది మరీ త్వరగా జరిగిపోతుంది. ప్రెషర్ పెంచి, సన్నటి నాజిల్ పెట్టి పొగలా కొడితే ఆకుకు బాగా పడుతుందని చాలామంది నమ్మకం. ఆకుకు పడేమాట కొంత నిజమే. కానీ ఆ పొగలోనే సమస్య అంతా ఉంది. చుక్క వ్యాసాన్ని సగం చేస్తే ఒక్క చుక్క ఎనిమిది చుక్కలవుతుంది, ఆ ఎనిమిదీ ఎక్కడ వాలతాయో కొట్టేవాడి చేతిలో ఉండదు. పైగా పండ్ల తోటలో ఫ్యాన్ ఉన్న స్ప్రేయర్‌తో పైకి, పక్కకి కొడతారు. చెట్టు పైకొమ్మ దాటిన తుంపర తిరిగి ఆ చెట్టు మీదే పడాలని ఎక్కడా లేదు.

గాలి జోరుగా ఉంటే ఇది అందరికీ కళ్ల ముందే కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్తపడతారు. గాలి లేకపోతే కనిపించదు. నేనూ చాలాకాలం గాలి లేని వేళే మంచిదనుకున్నాను. ఒకసారి ఓ స్నేహితుడి పొలంలో ఇంకా చీకటి ఉండగానే మందు కొడుతుంటే టార్చిలైటు వేసి చూశాను. పెద్ద చుక్కలు వెంటనే కిందికి పోయాయి. మిగిలింది పల్చటి తెరలా నడుము ఎత్తున నిలబడిపోయింది. పైకి పోదు, కిందికి దిగదు. కాసేపటికి ఆ తెర మొత్తం, ఎవరో మెల్లగా లాగుతున్నట్టు, పల్లంలో ఉన్న కాలువ వైపు జరగడం మొదలుపెట్టింది. ఆకు మాత్రం నిజంగానే కదల్లేదు.

ఎందుకంటే, మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేసి చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. దాని పైన ఇంకా వెచ్చగా ఉన్న గాలి మూతలా కూర్చుంటుంది. పగలైతే కింది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, తుంపర దాంతో కలిసి పల్చబడిపోతుంది. ఈ వేళలో ఆ కలబోత ఉండదు. సన్నటి చుక్కలు చెదిరిపోకుండా చల్లగాలి పొరలోనే చిక్కుకుని ఉంటాయి. ఆ చల్లగాలి ఇంచుమించు నీళ్లలాగే ప్రవర్తిస్తుంది, పల్లానికి పారుతుంది. చెరువులు, వాగులు ఉండేది పల్లంలోనే కదా. మీరు కాలువ తవ్వి నీళ్లను మళ్లించారు, గాలిని మళ్లించలేదు. మీ గట్టు ఎత్తు దానికి ఒక లెక్క కాదు. పొద్దుపొడిచి నేల వేడెక్కేదాకా, మళ్లీ సాయంత్రం పొద్దుగుంకే ముందు నుంచీ ఇదే పరిస్థితి. గుర్తుపట్టడం కష్టం కాదు. కాస్త ఎండుగడ్డికి పొగ పెట్టి చూడండి. పొగ పైకి లేచి చెదిరిపోతే సరే. కొంత ఎత్తుకు వెళ్లి అక్కడే పరుపు పరిచినట్టు అడ్డంగా సాగితే ఆ రోజు అప్పుడే ట్యాంకు నింపకూడదు.

పొగమంచు ఉంటే ఇంకా కాస్త చిత్రం. కాలిఫోర్నియాలోని సాన్ వాకీన్ లోయలోను, మేరీల్యాండ్ రాష్ట్రంలోని బెల్ట్స్‌విల్‌లోను పొగమంచును పట్టి, నీరుగా మార్చి, అందులో పురుగుమందులు కొలిచారు. 1987లో ఆ ఫలితాలు వచ్చాయి. చుట్టూ గాలిలో ఉన్న ఆవిరిని బట్టి లెక్కగడితే మంచు బొట్టులో ఎంత మందు ఉండాలో, కొన్నిటి విషయంలో దానికి వేల రెట్లు ఎక్కువ దొరికింది. సన్నటి బొట్టుకు లోపలి నీటితో పోలిస్తే పైచర్మం ఎక్కువ, మందు ఆ పైచర్మానికి అంటుకుంటుందని ఒక వివరణ. కారణం ఏదైనా, చెరువు మీద పొద్దున్నే పరుచుకునే ఆ తెల్లటి దుప్పటి ఎప్పుడూ ఉత్త నీళ్లే కాదు.

మందు కొట్టేసి, ట్యాంకు కడిగి ఇంటికి వెళ్లాక కూడా పని సాగుతూనే ఉంటుంది. ఆకుల మీద, నేల మీద పడిన మందు ఆవిరై గాలిలో కలుస్తుంది. ట్రైఫ్లూరాలిన్ అనే కలుపు మందును చల్లిన వెంటనే మట్టిలో కలియదున్నమని చెప్పేది ఇందుకే. తడినేల పైన అలాగే వదిలేస్తే కొద్ది రోజుల్లోనే పెద్ద భాగం గాలిలోకి పోతుంది. తడి అంటే గుర్తొచ్చింది, తడిస్తే మందు నేలకు గట్టిగా పట్టుకుంటుందని అనుకుంటాం, జరిగేది తరచూ దానికి వ్యతిరేకం. ఎండిన మట్టి రేణువు మందును అంటిపెట్టుకుని ఉంటుంది. నీరు వచ్చి ఆ చోటు ఆక్రమించేసరికి మందు విడిపోయి లేస్తుంది. చినుకులు పడగానే పొలం నుంచి మందు వాసన గుప్పుమనడం మీరూ గమనించే ఉంటారు. అలా లేచిన ఆవిరి చెరువు మీదుగా పోతూ కొంత నేరుగా నీళ్లలో కరుగుతుంది, కొంత తర్వాతి వానలో దిగుతుంది. మందు పట్టిన మట్టి దుమ్ముగా ఎగిరి పడటం ఇంకో దారి. 2008లో జర్మనీలో రైన్ నది ఎగువ లోయలో, మందు పూసిన విత్తనాలు వేస్తుండగా రాలిన దుమ్ముకే 11,000కు పైగా పెట్టెల్లోని తేనెటీగలు దెబ్బతిన్నాయి. అది పూల మీద పడింది కాబట్టి వార్త అయింది. నీళ్లలో పడితే ఎవరూ లెక్కపెట్టరు.

ఇక ఎవరూ వాడని ఆ రెండో మందు. దీనికి జవాబుగా ఒక చెరువు కథ చెప్తాను, మీ చెరువుకు దూరపు చుట్టం లాంటిది. ఉత్తర అమెరికాలో సుపీరియర్ అనే మహా సరస్సు ఉంది. అందులో ఐల్ రాయల్ అనే దీవి. ఆ దీవిలో మళ్లీ సిస్కివిట్ అనే సరస్సు. (ఆ సరస్సులోనూ ఒక దీవి ఉంది, అక్కడితో ఆగుదాం.) దీవి అంతా అడవి, జాతీయ పార్కు. పొలాల్లేవు, ఫ్యాక్టరీల్లేవు. సిస్కివిట్ నీటిమట్టం చుట్టూ ఉన్న సుపీరియర్ కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి కింది నీళ్లు పైకి ఎక్కే వీలు కూడా లేదు. మీ గట్టు కంటే గట్టి కాపలా. అయినా 1970లలో ఆ సరస్సు చేపల్లో టాక్సాఫీన్ అనే పురుగుమందు దొరికింది. అది ప్రధానంగా వాడింది వందల మైళ్ల దూరాన, అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి చేలలో. దారి ఏదని వెతికితే గాలి తప్ప మరొకటి మిగల్లేదు. ఆ మందు వాడకాన్ని అమెరికా 1982లో చాలావరకు రద్దు చేసింది. ఇలాంటి చోట్ల చేపల నుంచి అది పూర్తిగా పోవడానికి ఆ తర్వాతా దశాబ్దాలు చాల్లేదు. 1990, 91లలో అమెరికా మధ్య, ఈశాన్య ప్రాంతాల్లో వాన నీటిని పట్టి చూస్తే, మొక్కజొన్న చేలలో కొట్టే అట్రజిన్ అనే కలుపు మందు ఇదే దీవిలో పడిన వానలోనూ కనిపించింది. 2007లో మిసిసిపిలో సాగు ప్రాంతం గాలి, వాన నమూనాలు తీస్తే నాలుగింట మూడు వంతుల కంటే ఎక్కువ వాటిలో గ్లైఫోసేట్ అనే కలుపు మందు ఉంది. గ్లైఫోసేట్ ఆవిరయ్యే రకం కాదు, తుంపరగానో దుమ్ముగానో పోవాల్సిందే. అదీ వానలో దొరికిందంటే మిగతావాటి సంగతి వేరే చెప్పాలా?

చల్లని చోటు కూడా మందును లాగుతుంది. వెచ్చని నేల మీద ఆవిరవుతుంది, గాలితో పోయి చల్లని చోట దిగుతుంది, మళ్లీ ఎండ కాస్తే లేచి ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. మిడత గెంతినట్టు గెంతుతుందని శాస్త్రవేత్తలే దానికి ఆ పేరు పెట్టారు. లిండేన్ అనే పాత పురుగుమందు కుటుంబంలోని మందులు ఆర్కిటిక్ సముద్రం దాకా అలాగే చేరాయి. 1990లలో ఆ కుటుంబంలోని ఒక రకం వాడకం ప్రపంచమంతా తగ్గి గాలిలో పల్చబడేసరికి ఆర్కిటిక్ నీళ్లు దాచుకున్నదాన్ని తిరిగి గాలికి వదలడం మొదలుపెట్టాయి. నీళ్లు బ్యాంకు లాంటివని ఎవరో అంటే నేను నవ్వేవాణ్ణి, ఇది చదివాక నవ్వడం మానేశాను. ఏ మందు ఎంత దూరం పోతుందో అంచనా వేయడానికి, త్వరగా విరిగిపోని విషాలను అదుపు చేసే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం చూసే కొలతల్లో ఒకటి, గాలిలో అది సగానికి తరగడానికి రెండు రోజుల కన్నా ఎక్కువ పడుతుందా అన్నది. రెండు రోజుల్లో గాలి ఎంత దూరం పోతుందో మీరే ఊహించుకోండి.

ఇంత చెప్పాను కదా అని ప్రతి చెరువులోని మందునూ గాలి మీదికి తోసేయకండి. చాలాచోట్ల పొలాల నుంచి పారే వాన నీరు మోసుకొచ్చేదే ఎక్కువ, గాలి వాటా చిన్నది. మీరు ఆ పెద్ద దారిని మూసేశారు కాబట్టే మీ రిపోర్టులో చిన్న దారి బయటపడింది. గట్టు పోయించిన ఖర్చు దండగ అనుకోవద్దు.

పరీక్ష విషయంలో మీరు ఈసారి చేయాల్సింది కొంచెం ఓపిక పని. సీసా ముదురు రంగు గాజుది తీసుకోండి. పైరిథ్రాయిడ్ల లాంటివి ప్లాస్టిక్ గోడకు అంటుకుపోయి లెక్క తక్కువ చూపిస్తాయి. తోటలో మందు కొట్టే ముందు రోజు ఒకటి, కొట్టిన నాటి పొద్దున ఒకటి, ఆ తర్వాత పడ్డ మొదటి వాన అయ్యాక ఒకటి పట్టండి. అన్నిటికంటే ముఖ్యం వాన నీరు. చెట్ల కింద, చూరు కింద కాకుండా ఆరుబయట శుభ్రమైన స్టీలు గిన్నె పెట్టి వాననే విడిగా పట్టండి. ఆ రెండో మందు అందులో కనిపిస్తే మీరు పక్కింటివాళ్లను అడగాల్సిన పని ఉండదు. సీసాలను చల్లగా ఉంచి వీలైనంత త్వరగా ల్యాబ్‌కు చేర్చండి. ల్యాబ్ వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. ఎంత తక్కువ దాకా కొలవగలరు? మందు విరిగితే వచ్చే పదార్థాలను కూడా చూస్తారా? ఉదాహరణకు క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు గాలిలో ఎండకు ఆక్సాన్ అనే రూపంలోకి మారుతుంది, ఆ రూపం అసలు మందు కంటే విషం ఎక్కువ. అసలు పేరు ఒక్కటే వెతికితే అది తప్పించుకుంటుంది.

చేపల గురించి వేరే చెప్పాలి. నీటిలో కరగక కొవ్వులో కరిగే మందులైతే నీటి రిపోర్టు చిన్నగా ఉన్నా చేప ఒంట్లో పేరుకుంటాయి, కాబట్టి అమ్మే ముందు చేప కండను కూడా ఒకసారి పరీక్ష చేయించడం మంచిది. ఒక పొద్దున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే మాత్రం వెంటనే మందు అని తీర్మానించకండి. ఆక్సిజన్ తగ్గడమే మామూలు కారణం. ముందు ఏరేటర్ వేసి, ఒక సీసా నీళ్లు పట్టి పక్కన పెట్టి, ఆ తర్వాత ఆలోచించండి. ఇంకో మాట, నీళ్లు మరిగిస్తే మందు పోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. నీరు ఆవిరయ్యేకొద్దీ పోనివి చిక్కబడతాయి.

తోట ఆయనతో గొడవ పడాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. ఆయన జాగ్రత్తపడే మనిషే, కాకపోతే జాగ్రత్త వేళ తప్పింది. పొద్దెక్కి మంచు తేలిపోయాక, గంటకు 5 నుంచి 15 కిలోమీటర్ల లోపు నిలకడైన గాలి చెరువు నుంచి తోట వైపు వీస్తున్నప్పుడు కొట్టమనండి. ఎండ ముదరకముందే ముగించాలి. పెద్ద చుక్కలు ఇచ్చే, గాలిని కలుపుకునే రకం నాజిల్స్ దొరుకుతాయి, వాటితో తుంపర ఎగిరిపోవడం సగానికి పైగా తగ్గుతుంది. ప్రెషర్ తగ్గించాలి. చెరువు వైపున్న ఆఖరి రెండు మూడు వరసలకు బయటి నుంచి లోపలికే కొట్టాలి, మలుపు తిరిగేటప్పుడు నాజిల్ కట్టేయాలి. మందు డబ్బా లేబుల్ మీద నీటి వనరులకు ఎంత దూరం వదలాలో రాసి ఉంటే అది చట్టంగానే తీసుకోవాలి. మీ వైపు నుంచి గట్టు బయట చెట్ల వరస వేయండి. గోడలా దట్టంగా వద్దు, గాలి దానిపై నుంచి ఎగిరి అవతల చెరువులోనే దించుతుంది. సగం గాలి ఆకుల మధ్య నుంచి దూరి పోయేలా ఉంటే ఆకులు తుంపరను పట్టుకుంటాయి. డ్రోన్‌తో కొట్టించే ఆలోచన ఉంటే ఎత్తు ఎంత, నాజిల్ ఏది అని ముందే అడగండి. తక్కువ నీళ్లతో సన్నటి చుక్కలు కొట్టే డ్రోను ఎత్తు పెరిగిందంటే ఈ కథంతా మళ్లీ మొదటికి వస్తుంది.

ఆయన ఒప్పుకోకపోతే వాదించకండి. నీటి చుక్క పడితే నీలంగా మారే పసుపు కాగితాలు ఉంటాయి, స్ప్రేయర్ పరీక్షలకు వాడతారు. ఈసారి మందు కొట్టే రోజు ఆయనకు చెప్పే గట్టు పొడవునా కర్రలకు కొన్ని గుచ్చండి. మంచుకు, ఉక్కకు కూడా ఇవి నీలంగా మారతాయి కాబట్టి తోటకు దూరంగా, గాలి అటు పోని చోట ఒకటి పెట్టుకుని దాంతో పోల్చాలి. కొట్టడం అయ్యాక ఇద్దరూ కలిసి తీయండి. మచ్చలు కనిపిస్తే మాటలు అక్కర్లేదు. కనిపించకపోయినా మాత్రం ఆయనకు క్లీన్ చిట్ ఇచ్చేయకండి, మరీ సన్నటి చుక్కలు ఆ కాగితం మీద మచ్చ వేయలేవు, అవి ల్యాబ్ సీసాలోనే తెలుస్తాయి.

వాన నీటి రిపోర్టు వచ్చాక రెండో మందు పేరు కూడా రాసి పంపండి. అది ఈ రోజుల్లో అమ్ముతున్నదా, ఎప్పుడో నిషేధించినదా అన్నది తెలిస్తే, అది నిన్నటి గాలిలో వచ్చిందో, చెరువు అడుగు బురదలో పాతగా దాగి ఉన్నదో చెప్పడం తేలికవుతుంది.